ఒడ్డు మనదైతే వేళ్లూ మనవే కావాలి



ఇవాళ ఆటపాటల గురించి కాదు, భూమి గురించి మాట్లాడుకుందాం. మంజీర ఒడ్డునో, దానిలో కలిసే వాగు పక్కనో పొలం ఉన్నవాళ్లకు ఈ బాధ తెలుసు. పాసుపుస్తకంలో ఎకరాలు అలాగే ఉంటాయి, నాగలి తిరిగే నేల మాత్రం ఏటేటా తగ్గుతుంది.

వరద ఉరికినప్పుడే ఒడ్డు కూలుతుందని అనుకుంటాం. చాలాసార్లు వరద తీసినాకే కూలుతుంది. 1931లో పూర్తయిన నిజాంసాగర్ గేట్లు ఎత్తితే, కందకుర్తిలో గోదావరిని కలిసేదాకా మంజీర నిండుగా పారుతుంది. ఆ రోజులన్నీ ఒడ్డు నీళ్లు తాగుతుంది. గేట్లు దించగానే నది చప్పున దిగిపోతుంది, ఒడ్డు లోపలి నీళ్లు అంత తొందరగా దిగవు. తడిసి బరువెక్కిన రేగడికి ఎదురుగా ఆనుకునే నీరు ఉండదు. పెళ్లలు పెళ్లలుగా విరిగి పడుతుంది.

ఇంకోటి ఉంది. బోధన్ షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక మన దిక్కు చెరకు తగ్గి వరి పెరిగింది. చెరకు ఒకసారి నాటితే రెండు మూడేళ్లు వేళ్లు నేలలోనే ఉంటాయి. వరి మడిలో నెలల తరబడి నీళ్లు నిలిచి, ఊటగా ఒడ్డులోకి దిగుతాయి. అంచుదాకా మడి కట్టడమంటే మన ఒడ్డును మనమే నానబెట్టడం.

కాంక్రీటు గోడకు మన దగ్గర పైసలు లేవు. వట్టివేరు ఉంది. దాని వేళ్లు పక్కలకు పోకుండా నిలువుగా రెండు మూడు మీటర్లు దిగుతాయి. కర్ణాటకలో గుండ్లుపేట రైతులు దీన్ని ఏనాటి నుంచో పొలం హద్దుగా పెంచుతున్నారు. ముందు నిలువు ఒడ్డును వాలుగా చెక్కాలి. మీటరు ఎత్తుకు కనీసం ఒకటిన్నర మీటరు వెడల్పు పోతుంది. ఇక్కడే ఇంట్లో కొట్లాట మొదలవుతుంది, ఉన్న నేలను మనమే చెక్కుకోవాలా అని. చెక్కాల్సిందే. తర్వాత జానెడు కంటే తక్కువ ఎడంతో, ఒడ్డు వెంబడి అడ్డంగా వరుసలు నాటాలి. నది తగ్గాక, దీపావళి దాటి నాటితే వచ్చే వానాకాలానికి వేళ్లు దిగుతాయి. వరుసల మధ్య వావిలి కొమ్మలు గుచ్చినా బతుకుతాయి. వెదురు, కానుగ, తెల్లమద్ది అంచు మీద కాదు, కొంచెం వెనక్కి పెట్టాలి. ఊరికే పెరుగుతుంది కదా అని లొట్టపీసు మాత్రం పెట్టకండి, వాగునే మూసేస్తుంది.

మొదటి రెండు మూడు నెలలు నీళ్లు పోయాలి, మేకలను ఆపాలి. తీజ్‌కు తొమ్మిది రోజులు బుట్టల్లో మొలకలను కాపాడే మన చెల్లెళ్లకు ఇది కొత్త పనేం కాదు. మేకల సంగతి తమ్ముళ్లు చూసుకోవాలి.

ఒక్కరు నాటితే లాభం తక్కువ. పక్క పొలం దగ్గర ఖాళీ ఉంటే నీళ్లు అక్కడ దూరి వెనక నుంచి మన వరుసను కోస్తాయి. వంపు దగ్గర ప్రవాహం నేరుగా పాదానికే కొడుతుంటే గడ్డి ఒక్కటే ఆగదు, అడుగున రాళ్లు పేర్చాలి. అది నీటిపారుదల శాఖ వాళ్లను అడిగి చేయాల్సిన పని. ఒడ్డు కింద ఇసుక తోడుతుంటే ఏ వేరూ కాపాడదు. దాన్ని గ్రామసభలో ఆపించాలి. 2018 చట్టంతో చాలా తాండాలు పంచాయతీలయ్యాయి కాబట్టి ఆ సభ ఇప్పుడు మనదే.

ఈ వానలకు ముందే ప్రతి పొలంలో ఒడ్డుకు పది అడుగుల దూరాన ఒక గూటం పాతండి. ఫోన్లో తేదీతో ఫొటో తీయండి. వరద తగ్గాక మళ్లీ కొలవండి. ఆ రెండు కొలతలు పట్టుకొని వచ్చే గ్రామసభకు వెళ్దాం.