పిల్లి మెడలో పట్టెడ



పిల్లి మెడలో గంట కట్టుట యెట్లని ఎలుకలు సభ చేసికొన్న కథ మీరందఱు నెఱిగినదే. నేను ముప్పదియైదేండ్లు బడిలో పాఠములు చెప్పినవాడను. ఆ కథ చెప్పినప్పుడెల్ల "గంట కట్టువారెవరు?" అని యడిగి, పిల్లలు నవ్వగా పాఠము ముగించెడివాడను. కట్టిన పిమ్మట ఆ పిల్లి యేమగునని ఒక్క విద్యార్థియు నన్నడుగలేదు, నేనును తలపలేదు. ఆ ప్రశ్న నాకు తోచినది ఉద్యోగము విరమించిన పిమ్మట, మా యింటనే.

మా యింట చారల పిల్లి యొకటి కలదు. గాదెలోని ధాన్యమునకు అదియే కావలి. నిరుడు సెలవులకు వచ్చిన నా మనుమరాలు, ఎనిమిదేండ్ల పిల్ల, దూడ పట్టెడనుండి యొక మువ్వ నూడదీసి, ఎఱ్ఱని రిబ్బనునకు గ్రుచ్చి, "తాతయ్యా, పిల్లికి కట్టనా?" అని యడిగెను. "కట్టు తల్లీ, కాని మెడ బిగియకుండ వదులుగా కట్టు" అంటిని. వదులుగా నుంచుటయే దయ యని నా తలంపు. రెండు దినములు ఇల్లంతయు మువ్వ సవ్వడియే. మూడవనాడు సవ్వడి లేదు. నాలుగవనాటి యుదయమున పశువులపాక వెనుక తుమ్మకంప దడి మొదట పడియున్న పిల్లిని నా భార్య చూచెను. దాని ముందుకాలొకటి రిబ్బనులో దూరి, రిబ్బను మెడనుండి చంకకు అడ్డముగా బిగిసి, చర్మమును కోసికొని లోనికి దిగియుండెను. కత్తెరతో దానిని ఖండించి, పిల్లిని గంపలో నుంచుకొని మండల కేంద్రమునకు పోతిని. అచ్చటి పశువైద్యుడు గాయమును కడిగి కుట్లు వేసెను. చంకలోని గాయము అడుగు వేసినప్పుడెల్ల కదలును గావున త్వరగా మానదని ఆయన ముందే చెప్పెను. నెలకు పైగా పట్టెను. పిల్ల చాల ఏడ్చినది. తప్పు దానిది కాదు. వదులుగా కట్టుమన్న నాది.

"ఎద్దునకు పట్టెడ కట్టుచున్నాము, కుక్కకు కట్టుచున్నాము, పిల్లికేల కూడదు?" అని మా యూరి పెద్దలు కొందఱు నన్నడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. ఎద్దు చెట్టెక్కదు. కుక్క ఎక్కడనైన చిక్కుకొన్నచో మొఱిగి నలుగురిని పిలుచును. పిల్లి నడవడి వేఱు, దేహనిర్మాణమును వేఱు. మనకు జత్రుక యను నెముక రొమ్మెముకను భుజముతో కలిపి యుంచును. పిల్లికి ఆ యెముక చిన్న పుల్లవలె కండలలో తేలుచుండునే గాని వేఱే యెముకతో అతుకుకొని యుండదు. అందుచేత తల పట్టిన సందున తక్కిన దేహమును పట్టును. దడిసందులు, దూలముల నడిమి యిఱుకులు, చెట్టుకొమ్మలు దానికి రాజమార్గములు. ఆ మార్గములలోనే ఒక మేకో, తీగెయో, విఱిగిన కొమ్మయో పట్టెడను తగులుకొనును. అప్పుడది వెనుకకు గుంజుకొనును, కాళ్లతో పెనగును. పట్టెడ బిగువైనచో ఉరి పడును. వదులైనచో కాలు దూరును.

మఱియొక చిక్కు కలదు. మార్జారమను పేరు శుద్ధిచేయుట యను నర్థము గల మృజ ధాతువునుండి వచ్చినది. తన్ను తాను తుడుచుకొనునది యని భావము. ఈ వ్యుత్పత్తిని ఎన్ని తరగతులకు చెప్పితినో లెక్క లేదు. ఆ తుడుచుకొనుటయే ముప్పు తెచ్చునని మాత్రము తెలియదయ్యెను. రొమ్మును నాకుటకై గడ్డము వంచినప్పుడు వదులు పట్టెడ క్రింది దవుడకు తగులుకొని, నోరు మూయనీయక నిలిచిపోవును.

అట్లని పట్టెడలన్నియు ప్రాణాంతకములనుట సత్యము కాదు. అమెరికాలో పశువైద్య పరిశోధకులు 538 పిల్లులకు పట్టెడలు కట్టి ఆఱు నెలలు గమనించి, ఆ ఫలితములను 2010లో ప్రకటించిరి. 391 పిల్లులు తుదివఱకు వానిని ధరించెను. 18 పిల్లులకు మాత్రము కాలో నోరో పట్టెడలో చిక్కుట, లేదా పట్టెడ దేనికైనను తగులుకొనుట సంభవించెను. నూటికి మూడు నాలుగింటి నడుమ. అవి పిల్లుల కొఱకే చేసిన పట్టెడలు సుమా, మా రిబ్బను వంటివి కావు.

కట్టియే తీరవలెనను వారు, గట్టిగా లాగినంతనే తనంతట విడిపోవు బిగింపు గలదానిని కొనవలెను. దుకాణములోనే రెండు చేతులతో లాగి చూడుడు. విడిపోనిచో అచ్చటనే విడిచిరండు. సాగెడు రబ్బరు పట్టెడ మెత్తనిది గదా యనిపించును గాని, సాగుటచేతనే కాలు దూరుటకు చోటిచ్చును. మెడకును పట్టెడకును నడుమ ఒకటి రెండు వ్రేళ్లు మాత్రమే పట్టవలెను. ఎదుగుచున్న పిల్లిపిల్ల మెడ వారము వారమునకు మాఱును గావున మాటిమాటికి చూడవలసియుండును. విడిపోవు పట్టెడ ఏ కంచెకడనో ఊడిపడిపోయినచో, డబ్బు పోయెనని విచారింపకుడు. అది చేయవలసిన పని అదియే.

ఇక మువ్వ మాట. 2005లో వెలువడిన యొక బ్రిటిష్ పరిశోధనలో, మువ్వ కట్టిన పిల్లులు మువ్వలేని పట్టెడ గల పిల్లులకంటె పక్షులను నూటికి 41 వంతులు, ఎలుకలవంటి చిన్న జంతువులను 34 వంతులు తక్కువగా ఇంటికి తెచ్చినట్లు తేలెను. తోటలోని పిట్టలను కాపాడుకొనగోరు పట్టణవాసులకు ఇది మేలే. మనకో? అమరకోశము పిల్లిని ఆఖుభుక్కన్నది, అనగా ఎలుకలను తినునది. గాదెకు కావలి నుంచి, ఆ కావలివాని నోట ఈల పెట్టి, దొంగ వచ్చువేళ ఊదుచు తిరుగుమన్నట్లున్నది మా పని. సభ చేసికొన్న ఎలుకలు కోరినదానిని వానికి మేము ఉచితముగా చేసి పెట్టితిమి!

దిష్టికై నల్లదారము కట్టువారును కలరు. సన్నని దారము రిబ్బనుకంటె లోతుగా కోయును. అది విడిపోదు, తెగదు. పిడుదులకై కుక్కలకు వాడు మందుపట్టెడలను, మందులను పిల్లికి తగిలింపరాదు. వానిలో కొన్నింట నుండు పెర్మెత్రిన్ అను మందు కుక్కకు సరిపడును గాని పిల్లికి విషము. వణకు పుట్టి, మూర్ఛలు వచ్చి చచ్చుట కలదు.

తప్పిపోయిన పిల్లిని గుర్తించుటకై పట్నములలో బియ్యపుగింజయంత చిప్పును భుజముల నడుమ చర్మము క్రింద నుంచుచున్నారు. ఇంగ్లండులో 2024 జూన్ 10 నుండి పెంపుడు పిల్లులకు ఇది చట్టముచే విధింపబడినది. పిల్లి యెచ్చట నున్నదో అది చెప్పదు. దొరికినప్పుడు యంత్రముతో చూచినచో ఒక సంఖ్యను మాత్రము చూపును. ఏ పిల్లి ఏ యింటిదో ప్రతి వారికి తెలిసిన మన యూళ్లలో దీని అవసరము నాకు కనబడదు.

ఈ వేసవిలో మనుమరాలు మరల వచ్చి, ఆ మువ్వను వెదకి తీసి దూడ పట్టెడకే తిరిగి కుట్టినది. దాని చేతిలో మువ్వ ఒక్కమాఱు మ్రోగినంతనే, గాదెపై నిదురించుచున్న పిల్లి లేచి, కొంచెము కుంటుచు అటకెక్కి, చీకటి పడువఱకు దిగిరాలేదు.