డబ్బా మీది నంబరు చదివాకే రాడ్డు పట్టండి

జీతం బకాయిల సంగతి ఇంతకుముందే చెప్పారు. మాకు అప్పగించింది ఎస్.ఎస్. వెల్డింగ్ రాడ్ల సంగతి. ఇది పని విషయమే, కానీ జీతం దాకా వస్తుంది.

కొన్నేళ్ల కిందట మా గ్యాంగు ఉప్పునీటిని మంచినీరు చేసే ప్లాంటులో లైను వేస్తోంది. పైపు 316ఎల్. గురువారం సాయంత్రానికి 316ఎల్ రాడ్లు అయిపోయాయి, స్టోరు మూసేశారు. శనివారం ఎక్స్‌రే. "ఇదీ ఎస్.ఎస్.యే కదా, కొట్టెయ్యండి" అని పైనుంచి 308ఎల్ డబ్బా ఇచ్చారు. మేమూ తలూపాం. ఆ తప్పులో మా వాటా ఉంది, దాచుకోం. ఆరు జాయింట్లు వేశాం. బీడు ముచ్చటగా వచ్చింది, ఎక్స్‌రే పాసయింది. ఏడాది తిరక్కముందే సరిగ్గా ఆ జాయింట్ల మీదే సూది మొనంత గుంటలు పడి నీళ్లు కారాయి. పైపు మీద డబ్బా ఇచ్చినాయన పేరు ఉండదు, వెల్డరు నంబరు ఉంటుంది. జీతంలో కోత పడింది ఆ తమ్ముడికే.

ఎక్స్‌రే లోపలి బొక్కనీ పగులునీ చూపిస్తుంది గానీ ఏ లోహం పోశామో చెప్పదు. అయస్కాంతం పెట్టినా 308కీ 316కీ తేడా దొరకదు. దానికి పీఎంఐ గన్ను ఉండాలి, అది అన్ని సైట్లలో ఉండదు. అందుకే డబ్బా మీదా, రాడ్డు పట్టుకునే చివర దగ్గరా ఉన్న నంబరు మనమే చదవాలి.

304ఎల్ పైపుకి 308ఎల్ రాడ్డు. 304 రాడ్డు కావాలని అడిగి స్టోరులో నవ్వులపాలైనవాళ్లం మాలోనే ఉన్నాం, అలాంటి రాడ్డు లేదు. 316ఎల్‌కి మాత్రం 316ఎల్లే. ఇందులో రెండు మూడు శాతం మాలిబ్డినం ఉంటుంది. ఉప్పు గుంటలు తవ్వకుండా అడ్డుకునేదాంట్లో దాని పాత్ర పెద్దది. 308లో అది లేదు. చెరువు కట్ట గట్టిగా ఉండి తూము దగ్గర గండి పడినట్టు, పైపు బాగానే ఉంటుంది, జాయింటు పోతుంది.

ఎస్.ఎస్.ని మామూలు ఇనుముతో కలిపేచోట 309ఎల్. ఇనుము కరిగి కలిస్తే క్రోమియం, నికెల్ పలచబడతాయి. 309లో అవి ఎక్కువ ఉంటాయి కాబట్టి తట్టుకుంటుంది. 308తో కొడితే పగలొచ్చు. డ్యూప్లెక్స్ 2205 పైపుకి 2209. ఇవి గుర్తుకోసం చెబుతున్నాం. ఆఖరు మాట డబ్ల్యూపీఎస్ కాగితానిదే.

చివరి 'ఎల్' అక్షరాన్ని కూడా వదలకండి. అంటే కార్బన్ తక్కువ. కార్బన్ ఎక్కువైతే వేడికి క్రోమియాన్ని పట్టేసుకుంటుంది, జాయింటు పక్కన తుప్పు మొదలవుతుంది. ఆంపియర్లు పెంచి తొందరగా లాగినా నష్టమే. ఎస్.ఎస్. రాడ్డు సగానికే ఎర్రబడుతోందంటే కరెంటు ఎక్కువైనట్టు. ఇనుము గీకిన బ్రష్షు, ఇనుము కోసిన డిస్కు ఎస్.ఎస్. మీద పెట్టొద్దు. ఆ పొడి అంటుకుని అక్కడే తుప్పు లేస్తుంది.

తప్పు రాడ్డు ఇస్తే ఏం చేయాలి? వీసా వాళ్ల చేతిలో ఉంది, ఎదురు చెప్పడం తేలిక కాదని మాకు తెలుసు. కాదనకండి, అడగండి. "సార్, కాగితంలో 316ఎల్ ఉంది, ఇది 308ఎల్. మార్చమని రాసివ్వండి" అనండి. రాయమనేసరికి చాలామంది స్టోరు తాళం వెతుక్కుంటారు. జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని తేదీ, జాయింటు నంబరు, డబ్బా మీది బ్యాచ్ నంబరు రాసుకోండి. చాలా ప్లాంట్లలో ఫోను లోపలికి రానివ్వరు, పెన్సిలుని ఎవరూ ఆపరు. మా తమ్ముడి దగ్గర ఆ రోజు అలాంటి కాగితం ఒక్కటి కూడా లేదు.

ఇంకో మాట. ఎస్.ఎస్. పొగలో ఆరు వేలెన్సీ క్రోమియం ఉంటుంది, ఊపిరితిత్తుల క్యాన్సరుకి దారితీసే రకం. ట్యాంకు లోపల గుడ్డ కట్టుకుంటే ఆగదు. పొగ లాగే గొట్టం, సరైన మాస్కు ఇచ్చేదాకా లోపలికి దిగకండి.

సభ అయ్యాక ఖాళీ డబ్బాలు కొన్ని బల్ల మీద పెడతాం. నంబరు చదవడం రానివాళ్లు మొహమాటపడకుండా రండి, టీ తాగుతూ చూద్దాం.