చిప్‌ల పరిశ్రమలో మాంద్యం: భారం ఎవరిపై?
(ఫెడరేషన్ అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో కంప్యూటర్ చిప్‌లను గురించి ప్రసంగమెందుకని కొందరు సోదరులు అడిగారు. రిజర్వేషన్ కౌంటరులోనూ, పోస్టాఫీసు పొదుపు ఖాతాలోనూ చిప్ లేనిదే నేడు పని సాగదన్నది ఒక సమాధానం. మేము చెప్పదలచిన కారణం వేరు. ఊరికి ఒక ఉత్తరం వచ్చినా, నూరు వచ్చినా పోస్ట్‌మన్ నడిచే దారి ఒక్కటే. వ్యాగన్లు నిండినా, నిండకపోయినా గ్యాంగ్‌మన్ పట్టాలను కాపాడవలసిందే. రాబడి తగ్గినంత మాత్రాన ఖర్చు తగ్గని సంస్థ ఎట్లా ఉంటుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

చిప్‌ల కర్మాగారం స్వభావమూ అటువంటిదే. దాని వ్యయంలో అధిక భాగం యంత్రాలదీ, ధూళికణం చొరబడని గదులదీ. ఆ పెట్టుబడి పెట్టిన తరువాత తయారీ తగ్గించినందువల్ల మిగిలేది స్వల్పం. కనుక ధర పడుతున్నా యంత్రాలు తిరుగుతూనే ఉంటాయి. సరుకు పోగుపడి ధర మరింత పడుతుంది. పైగా కొత్త కర్మాగారం కట్టడానికి రెండు మూడేళ్లు పడుతుంది. గిరాకీ హెచ్చుగా ఉన్నప్పుడు అందరూ ఒకేసారి పునాదులు వేస్తారు. ఉత్పత్తి మొదలయ్యేనాటికి గిరాకీ చల్లబడి ఉంటుంది. మెమొరీ చిప్‌లలో ఈ జాడ్యం మరీ తీవ్రం. ఏ కంపెనీ సరుకైనా ఒకే రకం గనుక కొనేవాడు ధర తప్ప మరొకటి చూడడు.

మెమొరీ చిప్‌లతోనే పేరు తెచ్చుకున్న ఇంటెల్ సంస్థ 1985 నాటి మాంద్యంలో, జపాన్ పోటీకి తట్టుకోలేక, ప్రధానమైన ఆ సరుకునే వదులుకున్నది. వేలాది ఉద్యోగాలు పోయాయి. ఆనాడు గెలిచిన జపాన్‌కు కూడ అదే గతి పట్టింది. ఎల్పిడా నైపుణ్యంలో వెనుకబడిన సంస్థ కాదు. కాని 2008 సంక్షోభం తరువాత చిప్ ధర కూలింది. యెన్ విలువ పెరిగి, జపాన్ సరుకు విదేశాలలో ప్రియమైనది. 2009లో ప్రభుత్వం 3,000 కోట్ల యెన్‌ల ప్రజాధనం అందించినా, 2012 ఫిబ్రవరిలో ఆ సంస్థ దివాలా రక్షణ కోరింది. మరుసటి సంవత్సరం అమెరికాకు చెందిన మైక్రాన్ దానిని కొన్నది. జర్మనీలో కిమోండా సంస్థ అంతకుముందే, 2009 జనవరిలో, దివాలా తీసింది. కర్మాగారంలో పనిచేసేవారి చేతిలో వడ్డీ రేటు ఉన్నదా? మారకపు రేటు ఉన్నదా?

ఇటీవలి అనుభవం చూడండి. 2020లో కోవిడ్ రాగానే కార్ల కంపెనీలు చిప్‌ల ఆర్డర్లు రద్దుచేశాయి. అమ్మకాలు కోలుకునేసరికి చిప్‌లు దొరకలేదు. 2021 సెప్టెంబరులో హర్యానాలోని మారుతి కర్మాగారాల ఉత్పత్తి మామూలులో సుమారు 40 శాతానికి తగ్గవలసి వస్తుందని ఆ కంపెనీయే ప్రకటించింది. ఎక్కడి చిప్? ఎక్కడి మానేసర్ కార్మికుడు? తరువాత గాలి మళ్లీ తిరిగింది. 2022 మార్చిలో సున్నాకు దాపున ఉన్న అమెరికా వడ్డీ రేటు 2023 జూలై నాటికి 5.25–5.50 శాతానికి చేరింది. జనం కంప్యూటర్లు, ఫోన్లు కొనడం తగ్గించారు. హైదరాబాదులో కూడ కేంద్రమున్న మైక్రాన్, సుమారు 10 శాతం సిబ్బందిని తగ్గిస్తామని 2022 డిసెంబరులో ప్రకటించింది. అటుపిమ్మట కృత్రిమ మేధ పుణ్యమా అని ధరలు తిరిగి లేచాయి. లాభం తిరిగి వచ్చినట్లు పోయిన సర్వీసు తిరిగి రాదు. సర్వీసులో తెగింపు అంటే ఏమిటో 1974 సమ్మెలో పాల్గొన్న రైల్వే సోదరులు చెప్పగలరు.

ఇక మన దేశం సంగతి. చిప్‌ల పరిశ్రమకై కేంద్రం 2021 డిసెంబరులో 76,000 కోట్ల రూపాయల పథకం ఆమోదించింది. గుజరాత్‌లోని సాణంద్‌లో మైక్రాన్ కర్మాగారాన్ని 2023 జూన్‌లో ప్రకటించారు. చిప్‌లను కూర్చి పరీక్షించే ఆ కర్మాగారం అంచనా వ్యయం 275 కోట్ల డాలర్లు. అందులో 50 శాతం కేంద్రానిది, 20 శాతం రాష్ట్రానిది. కంపెనీ పెట్టేది 82.5 కోట్ల డాలర్ల వరకు.

పరిశ్రమ రావడాన్ని మేము వ్యతిరేకించడం లేదు, రావలసిందే. ఆలస్యంగానైనా వస్తున్నందుకు సంతోషమే. అయితే పది రూపాయలలో ఏడు ప్రజలవైనప్పుడు, ధర కూలిన ఏడాది నష్టం మాత్రం కార్మికుని జీతంలోంచి వసూలు చేయడం ఏమి న్యాయం? గిరాకీ తగ్గిననాడు తొలగింపునకు ముందు సంఘంతో సంప్రదించాలనీ, పని లేని నెలలలో వేతనంతో శిక్షణ ఇవ్వాలనీ, కాంట్రాక్టు కార్మికులకూ ఇవి వర్తించాలనీ సబ్సిడీ ఒప్పందాలలోనే షరతులు ఉండాలి. ఈ మేరకు తీర్మానం ముసాయిదాను శాఖలకు పంపుతున్నాము. చర్చించి, సవరణలతో తిప్పి పంపండి.