ముందు అడగాలి, తర్వాతే సలహా

మన దేశంలో సోషల్ వర్క్ చదువు 1936లో ముంబైలో మొదలైంది. ముంబైలో ఎక్కడ? నాగ్‌పాడాలో. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు, యూదులు ఇరుగుపొరుగుగా బతికిన పేట అది. అంటే ఈ చదువు పుట్టిందే నానా మతాల నడుమ.

ఇప్పుడు హైదరాబాద్ పాతబస్తీకి వద్దాం. సోషల్ వర్క్‌లో పీజీ, అంటే ఎంఎస్‌డబ్ల్యూ చదివే అమ్మాయి ఫీల్డ్‌వర్క్‌లో ఒక ఇంటికి వెళ్లిందనుకోండి. రంజాన్ నెల. ఆ ఇంటి పెద్దావిడకు షుగర్. అయినా రోజా, అంటే ఉపవాసం, ఉంటానంటోంది. "మానేయండి" అంటే మాట అక్కడితో తెగిపోతుంది. మరేం చేయాలి? ముందు అడగాలి. "తెల్లవారుజామున సహరీకి ఏం తింటారమ్మా? మందు ఎప్పుడు వేసుకుంటారు? డాక్టరుగారికి చెప్పారా?" జబ్బుపడ్డవారికి ఇస్లాంలో ఉపవాసం నుంచి మినహాయింపు ఉంది. ఆ సంగతి ఆమెకు తెలిసే ఉండొచ్చు. అయినా ఎందుకు ఉండాలనుకుంటోందో వినాలి. విన్నాక, డాక్టరు దగ్గరికి తోడు వెళ్లాలి.

మతాల గురించి పుస్తకంలో చదివితే చాలదు. ఒకే మతంలోనూ ఇంటింటికీ పద్ధతి వేరు. అందుకే తరగతిలో ఈ అడిగే తీరు, వినే ఓపిక నేర్పాలి. గుర్తుంచుకోండి: ముందు అడగాలి, శ్రద్ధగా వినాలి, ఆ తర్వాతే సలహా చెప్పాలి.