జాలరా? దొంగా? – విహార నౌకల భద్రత గురించి నాలుగు మాటలు

(సాయుధ దళాల పతాక దినోత్సవం సందర్భంగా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో జరిగిన మన సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



"సముద్రపు దొంగల గురించి ఓ అరగంట మాట్లాడండి" అని సెక్రటరీ గారు ఫోన్ చేస్తే ముందు నాకు నవ్వొచ్చింది. మన బిలాస్‌పూర్‌లో సముద్రం ఎక్కడుందండీ? వేసవిలో అరపా నదిలో పాదం తడవడమే గొప్ప. సముద్రం చూడాలంటే కోర్బా నుంచి వచ్చే విశాఖ బండి ఎక్కి రాత్రంతా ప్రయాణం చెయ్యాలి. కానీ ఆయన ఎందుకడిగారో తర్వాత అర్థమైంది. సర్వీసు నుంచి బయటికొచ్చిన మన కుర్రాళ్ళు బుధవారి బజార్లో కనబడినప్పుడల్లా "అంకుల్, షిప్పుల్లో సెక్యూరిటీ ఉద్యోగాలు ఎలా ఉంటాయి? తుపాకీ ఇస్తారా?" అని అడుగుతుంటారు. ఈ నాలుగు మాటలూ వాళ్ళ కోసమే.

నా గురించి రెండు ముక్కలు. మా నాన్నగారు ఈ లైన్లోనే కీమేన్. అప్పటికి ఇది సౌత్ ఈస్టర్న్ రైల్వే. బిలాస్‌పూర్ కేంద్రంగా జోన్ వచ్చింది 2003లో కదా. మా అమ్మగారిది భీమునిపట్నం దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. నాన్న పట్టాల వెంట, మామయ్యలు వలల వెంట. నేను నేవీలో ఇరవై ఏళ్ళు చేసి, బయటికొచ్చాక 2006 నుంచి ఆరేళ్ళు ఒక విదేశీ విహార నౌకలో, అంటే క్రూయిజ్ షిప్పులో, సెక్యూరిటీ విభాగంలో పనిచేశాను.

ముందు ఒక సంగతి చెప్పాలి. యుద్ధనౌకలో ఉన్నవాడి పని శత్రువును ఓడించడం. క్రూయిజ్ షిప్పులో ఉన్నవాడి పని వాడిని ఓడ ఎక్కనివ్వకపోవడం. అంతే. లోపల ముసలివాళ్ళు, పిల్లలు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళు వందలమంది ఉంటారు. ఒక్కడు ఎక్కినా మన చేతిలో ఇక ఏమీ ఉండదు. 1985 అక్టోబరులో ఈజిప్టు దగ్గర అకిలీ లౌరో నౌకలో జరిగింది అదే. ఆ నలుగురూ దొంగలు కారు, టెర్రరిస్టులు. ప్రయాణికులుగానే ఎక్కారు. చక్రాల కుర్చీలో ఉన్న లియోన్ క్లింగ్‌హోఫర్ అనే పెద్దాయనను చంపి సముద్రంలో పడేశారు. అందుకే గ్యాంగ్‌వే దగ్గర బ్యాగు చెక్ చెయ్యడం కూడా వాచ్ డ్యూటీతో సమానమే. 2004 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన ఐ.ఎస్.పి.ఎస్. కోడ్ ప్రకారం అంతర్జాతీయ ప్రయాణం చేసే ప్రతి ప్రయాణికుల ఓడలోనూ ఒక సెక్యూరిటీ ఆఫీసరు, ఒక భద్రతా ప్రణాళిక, ఒడ్డుకు రహస్యంగా కబురు పంపే అలారం బటన్ ఉండి తీరాలి.

ఇక సోమాలీ దొంగల సంగతి. వీళ్ళ పద్ధతి ఒకటే. ఒక పెద్ద పడవను మదర్ షిప్పుగా పెట్టుకుని, దాని నుంచి చిన్న మరపడవల్లో ఐదారుగురు చొప్పున బయల్దేరతారు. పొద్దు పొడిచేవేళో, పొద్దు గుంకేవేళో వెనక వైపు నుంచి వస్తారు. తుపాకులతో, రాకెట్లతో బెదిరించి ఓడ ఆగేలా చేస్తారు. కొక్కేలున్న నిచ్చెన తగిలించి ఎక్కుతారు. వాళ్ళకు పనికొచ్చే ఓడ నిదానంగా నడవాలి, అంచు నీళ్ళకు దగ్గరగా ఉండాలి. 18 నాట్లకు మించి పోతున్న ఓడను దొంగలు ఎక్కిన దాఖలా లేదని ఓడల కంపెనీలు, నేవీలు కలిసి తయారుచేసిన మార్గదర్శక పుస్తకంలో రాశారు. విహార నౌకకు ఎత్తూ ఉంది, వేగమూ ఉంది. ప్రయత్నాలు జరిగినా, ప్రయాణికులతో ఉన్న పెద్ద విహార నౌకను సోమాలీ దొంగలు ఒక్కదాన్నీ పట్టుకుపోలేకపోయారు.

2005 నవంబరు 5న సోమాలియా తీరానికి దూరంగా సీబోర్న్ స్పిరిట్ నౌక మీద తెల్లవారుజామున రెండు పడవలు దాడి చేశాయి. రాకెట్ గ్రెనేడు వచ్చి ఓడకు తగిలింది. ఆ ఓడలో భద్రత చూసిన సోమ్ బహదూర్ గురుంగ్ మాజీ గూర్ఖా సైనికుడు. నీళ్ళ గొట్టం పట్టుకుని నిలబడి గాయపడ్డాడు. అతని సహచరుడు మైకేల్ గ్రోవ్స్ అతన్ని పక్కకు లాగి, చెవులు చిల్లులు పడేంత శబ్దం చేసే ఎల్.ఆర్.ఎ.డి. యంత్రాన్ని దొంగల మీదికి తిప్పాడు. ఓడ తప్పించుకుంది. ఇద్దరికీ 2007లో బ్రిటిష్ రాణి చేతుల మీదుగా గౌరవం దక్కింది. గూర్ఖా అనే మాట వినగానే మనకు ఛాతీ పొంగుతుంది కదా!

2008 నవంబరు 30న నాటికా అనే ఓడ మీద ఏడెన్ సింధుశాఖలో కాల్పులు జరిపారు. కెప్టెన్ వేగం పెంచి బయటపడ్డాడు. 2009 ఏప్రిల్ 25 రాత్రి సీషెల్స్ ఉత్తరాన ఎం.ఎస్.సి. మెలొడీ మీద దాడి జరిగితే ప్రయాణికులు కుర్చీలు, బల్లలు దొంగల మీదికి విసిరారు. సెక్యూరిటీ వాళ్ళు పిస్తోళ్ళు పేల్చి తరిమారు. ఈ మూడింటిలోనూ ఓడను కాపాడింది పెద్ద ఆయుధం కాదు. ముందుగా చూసిన కన్ను, వెంటనే కదిలిన చెయ్యి.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. ఇన్నాళ్ళూ సభల్లో చెప్పలేదు.

2008 డిసెంబరు. ఏడెన్ సింధుశాఖ. మాకు తుపాకులు లేవు. నీళ్ళ గొట్టాలు, రేడియోలు, కళ్ళద్దాలు, అంతే. నాది తెల్లవారుజామున నాలుగు నుంచి ఎనిమిది వాచ్, వెనక డెక్. దూరంగా మరపడవ కనిపించింది. దాని నిండా వల కుప్ప. ఐదుగురు మనుషులు. మా మామయ్యల పడవలాగే ఉంది. "ఫిషింగ్ బోట్" అని బ్రిడ్జికి చెప్పి బైనాక్యులర్లు దించేశాను. కాసేపటికి రెండో వైపు కాపలా ఉన్న గోవా కుర్రాడు రేడియోలో "నిచ్చెన! నిచ్చెన!" అని అరిచాడు. వల కింద నుంచి నిచ్చెన కొన వాడికి కనిపించింది. కెప్టెన్ వేగం పెంచి, చుక్కాని అటూ ఇటూ తిప్పి ఓడ వెనక పెద్ద పెద్ద అలలు లేపాడు. ఓ ఇరవై నిమిషాలు వెంటపడి వాళ్ళు వెనక్కి తగ్గారు. ఒక్క తూటా పేలలేదు. ప్రయాణికుల్లో చాలామందికి టిఫిన్ల దగ్గరే తెలిసింది. నాకు ఆ పూట టిఫిన్ గొంతు దిగలేదు. వెయ్యిమంది పైన ఉన్న ఓడ అది.

కెప్టెన్ నన్ను తిట్టలేదు. "ఎంతసేపు చూశావు?" అని మాత్రం అడిగాడు. "ఒక నిమిషం సార్" అన్నాను. ఇంకేమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి నాన్నగారు గుర్తొచ్చారు. కీమేన్ అంటే తెలుసు కదా, తెల్లారగానే తన బీటు అంతా పట్టాల మీద నడిచి ప్రతి కీలూ, ప్రతి జాయింటూ చూడాలి. "రోజూ చూసే పట్టాయే కదా అనుకున్న రోజే అది విరిగి ఉంటుందిరా" అనేవారు. నేను పడవను చూడలేదు. మా మామయ్య పడవను గుర్తుచేసుకుని ఊరుకున్నాను.

రెండో సంగతి 2011లో, ఒమన్ తీరం వైపు. అప్పటికి మా ఓడలో ప్రమాద ప్రాంతం దాటేదాకా నలుగురు సాయుధ గార్డులు ఎక్కేవారు. మళ్ళీ అదే తెల్లవారుజాము. మూడు పడవలు సూటిగా మా మీదికే వస్తున్నాయి. మనుషులు లేచి నిలబడి చేతులూపుతూ అరుస్తున్నారు. గార్డుల లీడరు హెచ్చరిక కాల్పులకు సిద్ధమయ్యాడు. ఈసారి నేను కళ్ళద్దాలు దించలేదు. నీళ్ళ మీద చూస్తే, మా ఓడ ముక్కుకు ఎదురుగా తెల్లటి వల బెండ్లు వరుసగా తేలుతున్నాయి. వాళ్ళు చొక్కాలు విప్పి కుడివైపు పొమ్మని ఊపుతున్నారు. చిన్నప్పుడు భీమిలిలో మా మామయ్య పెద్ద ఓడ కనబడితే తువ్వాలు అలాగే ఊపేవాడు. వల తెగితే ఆ ఇంటికి ఏడాది తిండి పోయినట్టే. "వల ఉంది సార్, కుడికి తిప్పండి" అని బ్రిడ్జికి చెప్పాను. ఓడ తిరిగింది. పడవలు అక్కడే ఆగిపోయాయి. ఒక ముసలాయన చెయ్యెత్తి ఊపాడు.

కాబట్టి తమ్ముళ్ళూ, నేను నేర్చుకున్నది ఇది. పడవలో ఏముందో ఒక్కటే చూస్తే చాలదు, నువ్వు దారి మార్చినప్పుడు అదేం చేస్తుందో చూడు. వల కాపాడుకునేవాడు నువ్వు పక్కకు పోతే సంతోషిస్తాడు. దొంగ నీ వెంటే తిరుగుతాడు. అందుకే దూరంగా ఉన్నప్పుడే చూడాలి, దారి మార్చే సమయం ఉండగానే చెప్పాలి. ఆలస్యంగా చూసినవాడికి మిగిలేది తుపాకీ ఒక్కటే.

ఆ తుపాకీ ఎంత పని చేస్తుందో 2012 ఫిబ్రవరి 15న కేరళ తీరంలో చూశాం. ఎన్రికా లెక్సీ ట్యాంకరులో ఉన్న ఇటలీ నౌకాదళ సైనికులు దొంగలనుకుని కాల్చితే చనిపోయినవాళ్ళు ఇద్దరు జాలర్లు, జెలస్టిన్, అజీష్ పింక్. కేసు తొమ్మిదేళ్ళు దేశాల మధ్య నలిగి 2021లో నష్టపరిహారంతో ముగిసింది. పోయిన ప్రాణాలు రాలేదు. ఇంకో వైపు 2008 నవంబరులో ముంబయి మీదికి వచ్చిన పదిమంది టెర్రరిస్టులు మన గుజరాత్ చేపల పడవ కుబేర్‌నే పట్టుకుని, దాని సరంగు అమర్‌సింగ్ సోలంకిని చంపి, దాంట్లోనే వచ్చారు. జాలరిని దొంగ అనుకున్నా ప్రాణం పోతుంది, దొంగను జాలరి అనుకున్నా ప్రాణం పోతుంది.

మన నేవీ 2008 అక్టోబరు నుంచి ఏడెన్ సింధుశాఖలో గస్తీ కాస్తోంది. 2024 మార్చి 16న ఐ.ఎన్.ఎస్. కోల్‌కతా, మార్కోస్ కమాండోలు కలిసి రూయెన్ అనే ఓడను విడిపించి, 35 మంది దొంగలను లొంగదీసుకుని 17 మంది నావికులను ప్రాణాలతో కాపాడారు. ఇది తలెత్తుకుని చెప్పుకోవలసిన సంగతి. కానీ పట్టుబడినవాళ్ళ బాధ మాత్రం మరవకండి. ఆస్ఫాల్ట్ వెంచర్ ఓడను 2010 సెప్టెంబరులో పట్టుకుపోయారు. 2011లో డబ్బు ముట్టాక కూడా, మన దేశం తమవాళ్ళను జైల్లో పెట్టిందన్న కసితో ఏడుగురు భారతీయులను మాత్రం ఆపేశారు. వాళ్ళు విడుదలైంది 2014 అక్టోబరు చివర్లో. నాలుగేళ్ళు! వాళ్ళ ఇళ్ళలో ఆ నాలుగేళ్ళు ఎలా గడిచాయో ఇక్కడున్న అక్కచెల్లెళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

ప్రమాదం రూపం కూడా మారుతోంది. 2023 నవంబరు 19న ఎర్రసముద్రంలో గెలాక్సీ లీడర్ ఓడ మీదికి హౌతీలు హెలికాప్టర్లో దిగారు. ఆ తర్వాత డ్రోన్లు, క్షిపణులు వచ్చాయి. చాలా విహార నౌకలు ఎర్రసముద్రం వదిలేసి ఆఫ్రికా చుట్టూ తిరిగి పోయాయి. అక్కడ నీళ్ళ గొట్టం ఏం చేస్తుంది? దారి మార్చడమే భద్రత. ఇంకో మాట, ఓడలో దొంగకన్నా నిప్పు పెద్ద శత్రువు. 2012 ఫిబ్రవరి 27న కోస్తా అల్లెగ్రాలో జనరేటర్ల గదిలో మంటలు లేచి, సీషెల్స్ దగ్గర ఆ దొంగల సముద్రంలోనే కరెంటు లేకుండా వెయ్యిమంది తేలుతూ ఉండిపోయారు. ఒక ఫ్రెంచి చేపల ఓడ వచ్చి లాక్కుపోయింది. చూశారా, అక్కడా దిక్కయింది జాలరే!

చివరగా ఉద్యోగాల మాట. ఈ పనికి వెళ్ళేవాళ్ళు సి.డి.సి., ప్రాథమిక భద్రతా శిక్షణ, సెక్యూరిటీ డ్యూటీల సర్టిఫికెట్టు సంపాదించుకోండి. ఏజెంటుకు డి.జి. షిప్పింగ్ ఇచ్చే ఆర్.పి.ఎస్.ఎల్. లైసెన్సు ఉందో లేదో చూడకుండా పైసా కట్టొద్దు. తుపాకీ ఉద్యోగమైతే ఇంకా జాగ్రత్త. 2013 అక్టోబరులో సీమన్ గార్డ్ ఒహాయో అనే ఓడను ఆయుధాలకు సరైన కాగితాలు లేవని తూత్తుకుడికి తీసుకొచ్చి 35 మందిని అరెస్టు చేశారు. అందులో మాజీ సైనికులు చాలామంది. కింది కోర్టు శిక్ష వేసింది. 2017 నవంబరులో మద్రాసు హైకోర్టు నిర్దోషులని వదిలేదాకా నాలుగేళ్ళు నలిగిపోయారు. యూనిఫాంలో ఉన్నప్పుడు మన వెనక ప్రభుత్వం ఉంటుంది. బయటికొచ్చాక మన వెనక ఉండేది మన కాగితాలే.

మా కెప్టెన్ అడిగిన ప్రశ్ననే మీకు అప్పగించి కూర్చుంటాను. సరిహద్దు పోస్టులోనైనా, రన్‌వే పక్కనైనా, ఓడ డెక్ మీదైనా, రేపు రిటైరయ్యాక ఏ గేటు దగ్గర నిలబడ్డా, రిపోర్టు ఇచ్చే ముందు మిమ్మల్ని మీరు అడగండి: "ఎంతసేపు చూశాను?"

 

జై హింద్!