మీటకును మాటకును నడుమ

నేడు నేను చెప్పబోవునది కంటికి కనబడని యొక ఉద్యోగిని గూర్చి. కంప్యూటరు మీటను వ్రేలు నొక్కుటకును, ఆ అక్షరము కార్యక్రమమునకు అందుటకును నడుమ నీతడు కూర్చుండి యుండును. ఇతని సంగతి తెలియక నేనొక నిరపరాధిని నిందించితిని. కావున మొదట ఆ కథనే మనవి చేసెదను.

మాది అమ్రాబాద్ పీఠభూమి. మా ఊరివారి పేర్లును చిరునామాలును గల పట్టిక నొకదానిని ఒక కార్యాలయమునకు పంపవలసి వచ్చెను. నా యింట ఒక చిన్న కంప్యూటరు కలదు. దానికి తీగతో కట్టిన తెరయెదుట మా మనుమడు కూర్చుండి పేర్లను కొట్టెను. ఒకచోట ‘అమ్రాబాద్’ అని కొట్టినపిదప వ్రేలు జారి ‘క’ అను అక్షరము పడెను. వాడు వెంటనే చెరుపు మీటను ఒకమారు నొక్కెను. తెరపై ‘క’ మాయమయ్యెను. పట్టికను పంపితిమి. మరునాడు అందులో అక్షరములు చెడియున్నవని అది తిరిగివచ్చెను. నేను వానిని కోపించితిని. వాడు, “తాతా, నేను చెరిపితిని. నీవును చూచితివి గదా!” అని కన్నీరు పెట్టుకొనెను.

సాక్షులను విచారింపక తీర్పు చెప్పరాదని పంచాయతీలో కూర్చున్న ప్రతివాడు ఎరుగును. నేను ఆ ధర్మము తప్పితిని. ఆ రాత్రి కూర్చుండి సాక్షులను విచారించితిని.

కంప్యూటరును నడపు ప్రధాన వ్యవస్థకు కెర్నెల్ అని పేరు. అది యంత్రమునకు గర్భగుడి వంటిది. అందు మీటల అక్షరములను చూచువారు ముఖ్యముగా ఇద్దరు. మొదటివాడు డ్రైవరు. రెండవవాడు లైన్ డిసిప్లిన్, అనగా పంక్తి నియమము. వీరి కావల నుండి అక్షరములకై ఎదురుచూచునది కార్యక్రమము.

హైదరాబాదునుండి శ్రీశైలము పోవు బాటలో మన్ననూరు కడ అటవీశాఖవారి తనిఖీ ద్వారము కలదు గదా. బండి తోలువానికి బండి సంగతి తెలియును. ఏ బండిని పోనీయవలెను, ఏది నిలుపవలెను అనునది ద్వారమువారి పని. తోలువాడు నియమమును చేయడు. ద్వారమువాడు బండి నడుపడు. కెర్నెల్ నందును పని ఇట్లే పంచబడినది. డ్రైవరునకు తన తీగయు, తన యంత్రపు గుణమును మాత్రమే తెలియును. వచ్చిన అక్షరమున కర్థమేమి, దానిని ఉంచవలెనా, చెరుపవలెనా అని నిర్ణయించునది పంక్తి నియమము.

ఈ ఏర్పాటు ఎందులకు పుట్టెనో చెప్పెదను. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనువారు యూనిక్సు అను వ్యవస్థకు అంకురార్పణ చేసిరి. నాడు తెరలు అరుదు. తంతి కార్యాలయములలో వాడునట్టి టెలిటైపు యంత్రములే కంప్యూటరుతో మాటలాడు సాధనములు. 1963లో వచ్చిన టెలిటైపు మోడల్ 33 సెకనుకు 10 అక్షరములను మాత్రమే కాగితముపై అచ్చు వేయును. మన దేశమున తంతి సేవ 2013 జూలైలో ముగిసినది. కాని నేటి లైనక్సు వ్యవస్థలో సైతము ఈ భాగమునకు ‘టీటీవై’ అను టెలిటైపు పేరే నిలిచియున్నది.

కాగితముపై పడిన సిరా చెరగదు. మరి తప్పు దిద్దుట ఎట్లు? తొలి యూనిక్సులో ఒక గురుతును కొట్టినచో వెనుకటి అక్షరము రద్దయినట్లు లెక్క. వేరొక గురుతును కొట్టినచో పంక్తి అంతయు రద్దు. ఈ దిద్దుబాటును ప్రతి కార్యక్రమమును వేరువేరుగా నేర్చుకొనుటకంటె, అందరకును కలిపి కెర్నెల్ నందొక వ్రాయసగాని నుంచుట మేలని తోచినది. ఉత్తరము చెప్పువాడు మాట మార్చుకొనినప్పుడెల్ల వ్రాయసగాడు దిద్ది, చివరకు శుద్ధప్రతిని మాత్రమే పంపును గదా. అదియే పంక్తి నియమపు పని.

ఇపుడు లైనక్సులో ఒక అక్షరము ప్రయాణమును చూడుడు. తీగమీద అక్షరము రాగానే యంత్రము కెర్నెల్‌ను తట్టి లేపును. డ్రైవరు దానిని గ్రహించి ఒక తాత్కాలికపు తొట్టిలో వేసి వెంటనే తప్పుకొనును. తట్టిన వేళ ఎక్కువసేపు నిలువరాదు; తక్కిన పనులు ఆగిపోవును. పిమ్మట కెర్నెల్ పనివాడొకడు ఆ తొట్టిలోనిదానిని పంక్తి నియమమునకు అప్పగించును. అది సామాన్యాక్షరమైనచో తన నిలువలో చేర్చుకొని, కొట్టినవానికి కనబడుటకై మరల డ్రైవరుచేతనే తెరకు పంపించును. రహస్యపదమును కొట్టునపుడు అక్షరములు కనబడకుండుటకు కారణము, ఆ మారుపలుకును ఆపుమని కార్యక్రమము ముందుగా చెప్పుటయే. చెరుపు మీట వచ్చినచో నిలువలోని చివరిదానిని తీసివేయును. పని నాపుమను మీట వచ్చినచో నడుచుచున్న కార్యక్రమమునకు హెచ్చరిక పంపును. పంక్తి ముగింపు మీట వచ్చినపుడే, అప్పటివరకు నిద్రించుచున్న కార్యక్రమమును లేపి పంక్తి నిచ్చును. ముగింపుతో కలిపి ఒక పంక్తికి 4096 బైట్లు హద్దు.

మరియొక మర్యాద కలదు. చెరువు తూము వద్ద నీరటి నిలుచుండును. మడి నిండవచ్చినపుడు రైతు కేక వేయును. నీరటి తూము మూయును. అట్లే నిలువ నిండవచ్చినపుడు పంక్తి నియమము డ్రైవరునకు ‘నెమ్మదించుము’ అని చెప్పును. డ్రైవరు తన తీగకు తగిన రీతిని అవతలివానిని ఆపును. చోటు కలిగినపుడు మరల విడువుమని చెప్పును. ఎప్పుడు ఆపవలెనో ఒకరికి తెలియును. ఎట్లు ఆపవలెనో వేరొకరికి తెలియును. ఈ విభజనవలన డ్రైవరును మార్చకయే నియమమును మార్చవచ్చును. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశప్రజలకు ఇంటర్నెట్టును తెరచినపిదప, టెలిఫోను తీగకు కట్టిన లైనక్సు యంత్రములలో అదే డ్రైవరుపై వ్రాయసగానిని లేపి, పీపీపీ అను వేరొక నియమమును కూర్చుండబెట్టెడివారు. అతడు అక్షరములను దిద్దక, మూటలుగా కట్టి ఇంటర్నెట్టునకు అందించును.

ఇక మన వ్యాజ్యమునకు వత్తము. యూనికోడు అను అక్షరసంకేతములలో తెలుగునకు 1991లోనే చోటు దొరకెను. లైనక్సు పుట్టినదియు ఆ సంవత్సరమే. నేడు వాడుకలోనున్న యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగు సంకేతమునకు మూడు కావలెను. ‘అమ్రాబాద్’ మన కంటికి నాలుగే అక్షరములు. కాని పొల్లు, దీర్ఘము, అన్నియు వేరువేరుగా లెక్కించిన 9 సంకేతములు, 27 బైట్లు.

పాత వ్రాయసగాడు ఒక బైటే ఒక అక్షరమని నమ్మినవాడు. మనుమడు చెరుపు మీట నొక్కగా అతడు ‘క’ లోని మూడు బైట్లలో ఒకదానిని మాత్రమే తీసి, తెరపై ఒక అక్షరపు చోటును తుడిచెను. కంటికి పేరు శుద్ధముగా కనబడెను. నిలువలో మాత్రము 27కు బదులు 29 బైట్లు మిగిలెను. ఆ రెండును ఏ అక్షరమును కాని తునుకలు. పట్టిక చెడినది వానివలననే.

సాక్షుల వాఙ్మూలము ముగిసినది. డ్రైవరు వచ్చినదానిని వచ్చినట్లే అందించెను. కార్యక్రమము ఇచ్చినదానిని పుచ్చుకొనెను. బాలుడు మీట నొక్కెను. వ్రాయసగాడు సైతము తనకు చెప్పిన నియమమునే పాటించెను. తెలుగు సంకేతము మూడు బైట్లని అతనికి తెలియజేయు గురుతు లైనక్సులో 2004 నుండి కలదు. దానిని నా యంత్రమునందు పెట్టవలసినవాడను నేను. నేను పెట్టలేదు. తప్పు నాది.

ఆ గురుతు పెట్టినపిదప మూడు బైట్లును ఒక్కసారిగా పోవుచున్నవి. అయినను వ్రాయసగాడు సంకేతములనే ఎరుగును గాని మన గుణింతమును, ఒత్తును ఎరుగడు. ‘మ్రా’ను చెరుపుటకు నేటికిని నాలుగు మారులు నొక్కవలెను.

మరునాడు ఉదయము నేను మనుమని పిలిచి, తప్పు నాదేయని చెప్పితిని. పట్టికను మరల వాడే కొట్టెను. ఈమారు అది తిరిగి రాలేదు. మీ ఊరిలో ఏ పిల్లవాడైనను, ఏ గుమాస్తాయైనను, ‘నేను సరిగానే కొట్టితిని, పేరు తప్పుగా వచ్చినది’ అని చెప్పినచో, తొందరపడి కోపింపకుడు. మీటకును మాటకును నడుమ మరికొందరు కలరు. వారిని గూడ విచారించి తీర్పు చెప్పుడు.