వినుటయు నొక విద్యయే



కళాశాలలందు విద్యార్థుల మనఃక్లేశమును విని, వారికి తోడ్పడుటకు శిక్షణ పొందుచున్న యువతీయువకులను గూర్చి నేడు కొంత ముచ్చటింపదలచితిని. వీరిని కౌన్సెలింగు శిక్షార్థులందురు. మనస్తత్త్వశాస్త్రము చదువుచు, అనుభవజ్ఞుల పర్యవేక్షణమున విద్యార్థులతో సంభాషించుట వీరి అభ్యాసము.

ముప్పదియైదేండ్లు బడిపంతులనై మాటలాడుటయే వృత్తిగా నుంటిని. వీరి వృత్తి వినుట. కౌన్సెలింగనగా హితవు చెప్పుటయని మనలో పలువురి తలంపు. "ధైర్యముగా నుండుము, నీకేమి లోటు?" అనుటకు శిక్షణ యేల? అట్టి మాటలు ఇంటింట దొరకును. వానివలన బాధ తగ్గదు. చెప్పుకొనవచ్చిన నోరు మూతపడును.

భగవద్గీతలో మొదటి యధ్యాయమునకు అర్జునవిషాదయోగమని పేరు. అందు అర్జునుడు తన వ్యథను వెళ్లబోసికొనును. రెండవ యధ్యాయమున అతడు శిష్యుడనని శరణువేడిన పిదపనే తత్త్వోపదేశము మొదలగును. దుఃఖము చెప్పుకొనుటకు ముందుగా చోటీయవలెనను మర్యాద ఇందు నాకు గోచరించుచున్నది. అమెరికా దేశీయుడగు కార్ల్ రోజర్స్ 1957లో ప్రకటించిన వ్యాసమున, సహాయము చేయువానికి ముఖ్యముగా మూడు గుణములు వలయుననెను: కపటము లేని నడవడి, నిబంధనలు లేని ఆదరము, ఎదుటివాని లోకమును వాని కన్నులతో చూడగల్గుట.

ఇవి వినుటకు సులభములు, అభ్యాసమున కఠినములు. ఒక విద్యార్థి "పరీక్ష తప్పితిని, ఇంటికి పోలేను" అనెననుకొనుడు. "మరల వ్రాయవచ్చునులే" అను మాట నాలుకపైకి వచ్చును. శిక్షార్థి దానిని నిగ్రహించుకొని, "ఇంట మొగము చూపుట కష్టముగా నున్నదా?" అని యడుగవలెను. అప్పుడు, అసలు బాధ పరీక్షను గూర్చి గాక, చదువునకై తండ్రి చేసిన అప్పును గూర్చి యని బయల్పడవచ్చును.

రహస్యరక్షణము మఱియొక ధర్మము. విద్యార్థి చెప్పినది సహాధ్యాయులకు గాని అధ్యాపకులకు గాని చేరరాదు. అయితే పర్యవేక్షకునితో చర్చింతుననియు, ప్రాణాపాయమున్నచో తగినవారికి తెలుపుదుననియు మొదటి దినముననే చెప్పవలెను. చావవలెనను తలంపు కలుగుచున్నదా యని సూటిగా నడిగినచో లేని తలంపు పుట్టునని కొందఱు భయపడుదురు. అట్లు కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అవునను సమాధానము వచ్చినచో విద్యార్థిని ఒంటరిగా విడువక, వెంటనే పర్యవేక్షకుని పిలిచి, వైద్యునికడకు చేర్పవలెను. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము స్థాపించిన టెలి మానస్ వారు 14416 అను సంఖ్యకు ఫోను చేసినవారితో రేయింబవళ్లు మాటలాడుదురు.

విశాఖపట్టణమున ఒక విద్యార్థిని మరణమునుండి పుట్టిన వ్యాజ్యమున, 2025 జూలై 25వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, 100 మంది గాని అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థయు అర్హతగల కౌన్సెలరునో, మనస్తత్త్వజ్ఞునో, సామాజిక కార్యకర్తనో ఒకరినైనను నియోగింపవలెనని ఆదేశించినది. ఆదేశము మంచిది. కాని జీతము మిగులునని యెంచి, ఒక శిక్షార్థిని గదిలో కూర్చుండబెట్టి నియమము తీరినదనుకొనుట తగదు. అది ఈత నేర్చుకొనుచున్నవానిని ఒంటరిగా వఱదలోనికి పంపుట. వానికిని ముప్పే, వానిని నమ్మి చేయి చాచినవానికిని ముప్పే. పగలెల్ల ఇతరుల దుఃఖము విన్న శిక్షార్థికి తన మనోభారము దించుకొను చోటును కావలెను. అందుచేత పర్యవేక్షకుడు లేని శిక్షణ శిక్షణయే కాదు.

తల్లిదండ్రులకు నాదొక విన్నపము. మీ బిడ్డ కౌన్సెలరుకడకు పోయెనని తెలిసినచో, "అక్కడ ఏమి చెప్పితివి?" అని గ్రుచ్చి యడుగకుడు. పిచ్చిపట్టెనని చింతింపకుడు. ఆ పూట వేళకు అన్నము పెట్టి, ప్రక్కన కూర్చుండుడు. చెప్పదలచినచో బిడ్డయే చెప్పును. అప్పుడు మీరును వినుడు.

సెలవు.